ఓబులేసు రేకుల షెడ్డు

ఆ బుధవారం ఉదయానికి ఓబులేసు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిలోగా మెస్సు ముందున్న రేకుల షెడ్డు విప్పించాలి. పదకొండింటికి రాగిముద్దకు ఎసరు పెట్టాలి. పన్నెండింటికి ఎప్పటిలాగే హాలులో విస్తళ్ళు పరచాలి. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చేసరికి వాళ్ళు కూల్చడానికి ఏమీ మిగలకూడదు.

కదిరి నుంచి వచ్చి ఖాజాగూడలో మెస్సు పెట్టి తొమ్మిదేళ్ళయింది. నాలుగంతస్తుల భవనం కింద నలభై మంది కూర్చునే హాలు, వెనక వంటగది. ఓబులేసుకీ భార్య అనసూయమ్మకీ బతుకంటే ఆ హాలే. కరోనా రోజుల్లో జనాన్ని లోపల కూర్చోబెట్టొద్దు, ఆరుబయట పెట్టుకోమని మున్సిపాలిటీయే చెప్పి, షెడ్డుకి కాగితం ఇచ్చింది. ఇప్పుడు ఆఫీసులు నిండాయి, రోడ్లు నిండాయి, మున్సిపాలిటీకి నిబంధనలు గుర్తొచ్చాయి. పక్కనున్న జ్యూస్ కొట్టు అరుగును పోయిన వారమే జేసీబీ నమిలేసింది. సోమవారం ఓబులేసు షట్టర్ మీద కూడా నోటీసు వెలిసింది: అనుమతి లేని నిర్మాణాన్ని రెండు రోజులలో తొలగించవలెను. ఏ నిర్మాణమో అందులో చెప్పలేదు.

ఆ లోటు రెండో అంతస్తు రామ్మోహనరావుగారు పూరించారు. కోస్తాలో ఏదో మున్సిపాలిటీలో ముప్పయ్యైదేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. రోజూ మధ్యాహ్నం భోజనం ఓబులేసు దగ్గరే.

"రోడ్డు మీంచి చూస్తే ఏది కనబడుతుందో అదే కూలుస్తారండి, ఓబులేసుగారూ. షెడ్డు మీరే తీసేసుకోండి. ఇహ హాలు జోలికి ఎవడూ రాడు."

"షెడ్డుకు కాగితం ఉండాది కదయ్యా" అంది అనసూయమ్మ మొగుడితో. "నరసింహస్వామి పటం ఎనకాల పెట్టినా. ఒకసారి తీసి సూడు."

"అది కరోనా కాగితం అమ్మా. కరోనాతోనే పోయింది" అన్నారు రావుగారు.

ఓబులేసు పటానికి దండం పెట్టుకున్నాడు. పటం వెనక మాత్రం చూడలేదు. ఇంట్లో మనిషి మాట కన్నా పెన్షన్ మనిషి మాట బరువుగా తోచడం మనలో చాలామందికి ఉన్న జబ్బే.

ఎనిమిదిన్నరకు వెల్డింగు లింగమూర్తి వచ్చి రేకులు దించాడు. గుంజల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"ఓబులేసన్నా, జర ఇటు రా. నీ గుంజలు హాలు గోడల దిగినయ్. గుంజ పీకితే గోడ గూడ వస్తది."

"గోడ యాడికొస్తాదప్పా? తొమ్మిదేండ్లుగా నిలబడే ఉండాది కదా!"

"గిది గోడ గాదన్నా. పునాది లేదు. రెండు పిల్లర్ల నడుమ ఇటుకలు పేర్చిండ్రు, గంతే. గుంజలకు పొక్కలు కొట్టినంక షెడ్డే దీన్ని పట్టుకొని ఉన్నది."

షెడ్డు విప్పొద్దు, అలాగే ఉంచేద్దామనుకుని ఓబులేసు రావుగారి వైపు చూశాడు. రావుగారు గడియారం చూసుకుని, సగం విప్పిన షెడ్డు అధికారుల కంట పడితే మరీ ప్రమాదమన్నారు. లింగమూర్తి మూడో గుంజ పీకాడు. గోడ కడుపుతో ఉన్నట్టు ముందుకు ఉబ్బింది. ఇక దాన్ని ఉంచితే ఎవరి నెత్తిన పడుతుందోనని, తొమ్మిదిన్నరకల్లా గోడంతా దించేశారు.

"ఒకందుకు మంచిదేనండి. గాలీ వెలుతురూ వస్తాయి" అన్నారు రావుగారు.

గాలి వచ్చింది. వెలుతురు కూడా వచ్చి, నేరుగా స్తంభాల మీద పడింది. గోడతోపాటు వాటికి కొట్టిన ప్లైవుడ్ ఊడిపోయి, దాని కింద పసుపు రంగులో పెద్ద పెద్ద అక్షరాలు బయటపడ్డాయి. పార్కింగ్ 1. పార్కింగ్ 2. పార్కింగ్ 3.

సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు జశ్వంత్ ఆఫీసుకు బయల్దేరాడు. చోటు లేక రోడ్డు మీద పెడుతున్న అతని కారును పోలీసులు ఆ నెలలోనే రెండుసార్లు ఎత్తుకెళ్ళారు. స్తంభం ముందు నిలబడి ఫోనులో దస్తావేజు తెరిచి చూసుకున్నాడు.

"అంకుల్, ఇది నా స్లాటే! నంబర్ త్రీ. బిల్డర్‌ని అడిగితే త్వరలో చూపిస్తానన్నాడు. ఆరేళ్ళయింది."

"ఇది మెస్సు నాయనా. నిన్న రాత్రి నువ్వు ఈడనే గదా తిన్నావు?"

"తిన్నాను అంకుల్. ముద్ద సూపర్‌గా ఉంది. కొంచెం ఆ టేబుల్ జరుపుతారా?"

ఓబులేసు జరపలేదు, జశ్వంత్ జరిపాడు. కారు లోపల పెట్టి, ఫొటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వేశాడు. పావుగంటలో మెట్ల మీద జాతర మొదలైంది. ఒకాయన బిర్యానీ డేగిసాను కాలితో పక్కకి నెట్టాడు. హాలును కిరాయికిచ్చిన బిల్డర్‌కి ఓబులేసు ఫోన్ చేస్తే, తెల్లాపూర్ విల్లాలో ఉన్న ఆ మహానుభావుడు ఎత్తలేదు.

"సార్, మీరన్నా చెప్పండి వీళ్ళకి" అన్నాడు ఓబులేసు.

రామ్మోహనరావుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఏమీ అనుకోకండి. ఒకటో నంబరు నాదండి."

"మీకు కారు యాడుంది సార్?"

"స్కూటరుందిగా."

పదకొండున్నరకి టౌన్ ప్లానింగ్ అధికారిణి కిరణ్మయి ఇద్దరు సిబ్బందితో జీపు దిగింది. ముందున్న ఖాళీ జాగా, పక్కన పేర్చిన రేకులు చూసి ముఖం చిట్లించింది.

"ఇక్కడ షెడ్డుండాలే?"

"స్వచ్ఛందంగా తీసేశామండి" అన్నారు రావుగారు, స్కూటరుకు స్టాండు వేస్తూ.

"ఎందుకు తీశారండీ? షెడ్డుకి వచ్చే మార్చి దాకా అనుమతి ఉంది. మీ కాగితంలోనే ఉంటుంది చూడండి. నోటీసు ఇచ్చింది పార్కింగును మూసి కట్టిన ఈ హాలుకి. కరోనాలో చూసీ చూడనట్టు వదిలేశాం, ఇక కుదరదు. హాలు పోయినా షెడ్డులో నడుపుకుంటారు కదా అనుకున్నాం."

ఓబులేసు రేకుల వైపు చెయ్యి చూపించాడు. "మళ్ళా ఏసుకుంటా మేడమ్. ఇనుము ఈడనే ఉండాది. గంట చాలు."

"కొత్త షెడ్లకు అనుమతులు ఆపేశారండి. ఉన్నవాళ్ళు ఉంచుకోవచ్చు, అంతే."

ఆ రోడ్డు మొత్తం మీద చట్టప్రకారం ఓబులేసుకు చెందింది ఆ పన్నెండు రేకులే. వాటిని విప్పించడానికి లింగమూర్తిని పిలిచింది కూడా ఓబులేసే. ఎవరిని తిట్టాలో తెలియక వెళ్ళి ఆ రేకుల మీదే కూర్చున్నాడు. అనసూయమ్మ లోపలికి వెళ్ళి, పొయ్యి ఆపేసి, మరుగుతున్న ఎసరు దించేసింది. ఆమె తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది.

కిరణ్మయి చెడ్డమనిషి కాదు. జేసీబీ అవసరం లేకుండా పని జరిగిన భవనం ఆ వారంలో ఇదొక్కటే. అందుకని నివేదికలో 'నిర్వాహకుడు స్వచ్ఛందంగా సహకరించి తోటి వ్యాపారులకు ఆదర్శంగా నిలిచాడు' అని రాసి, కింద ఓబులేసు చేతనే సంతకం పెట్టించింది.