వంకలు పెట్టిన రివాల్వర్

శనివారం పొద్దున్న గారెలు వేద్దామని ప్రమోద రాత్రే మినప్పప్పు నానబోసింది. అప్పటికి 1981. ఆరిజోనాలోని చాండ్లర్‌లో ఇళ్ళకంటే పత్తి చేలే ఎక్కువ. లాస్ ఏంజెలెస్ వెళ్ళొచ్చేవాళ్ళెవరో దయ తలిస్తే తప్ప మినప్పప్పు కంటపడని రోజులు. పప్పు కడిగి బ్లెండర్లో పోసి మూత పెట్టిందో లేదో, వీధిలోకి పేపరు తెచ్చుకోవడానికి వెళ్ళిన హరనాథ్ పేపరు లేకుండా పరుగున వచ్చాడు.

"ప్రమోదా, పక్కింటి వాల్టర్ గరాజ్ సేల్ పెట్టాడు. పాత సామానంతా ఇంటి ముందు పరిచాడు."

"కిందటి నెలా పెట్టాడుగా. ఆ తలకాయ లేని దీపం స్టాండు ఇంకా మన హాల్లోనే ఉంది."

"ఈసారి రివాల్వర్ పెట్టాడు."

ప్రమోద బ్లెండర్ ప్లగ్ తీసేసింది. "ఎవర్ని కాల్చడానికండీ?"

"ఎవర్నీ కాదు. ఊరికే, నాకూ ఒకటి ఉండటానికి."

ఆ 'నాకూ' వెనక ఏడాది బాధ ఉంది. హరనాథ్ కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. అతని మేనేజర్ హాన్సెన్ నెలకొక ఆదివారం డిపార్ట్‌మెంటునంతటినీ ఎడారిలోకి తీసుకువెళ్ళి ఖాళీ డబ్బాలు వరసగా పెట్టించి కాల్పించేవాడు. తుపాకీ ఉన్నవాళ్ళు డబ్బాలు కాల్చేవారు. లేనివాళ్ళు డబ్బాలు ఏరేవారు. దువ్వెనలాగే తుపాకీ కూడా ఒకరిది ఒకరు అడిగే వస్తువు కాదని హరనాథ్ మొదటి నెలలోనే గ్రహించాడు. డిపార్ట్‌మెంటులో తుపాకీ లేనిది అతనొక్కడికే.

"ఎంత చెబుతున్నాడు?" అంది ప్రమోద.

"నూట నలభై డాలర్లు."

"వంద లోపు ఇస్తే తెచ్చుకోండి. వంద దాటిందా, గుమ్మం దాటనివ్వను."

ఆ తలకాయ లేని స్టాండు మీద వాల్టర్ పావలా కూడా తగ్గించలేదని ఆమెకు గుర్తుంది. వద్దని చెప్పి మొగుడి మొహం మాడ్చడం కంటే, బేరానికి పంపి ఊరుకోవడం సంసారానికి మంచిదని ఆమె నమ్మకం.

హరనాథ్‌కి మాత్రం సగం రివాల్వర్ చేతికొచ్చేసినట్టే అనిపించింది. "అసలు నూట నలభై చేస్తుందో లేదో ముందు తేలాలి. మూర్తిని పిలుస్తాను," అంటూ ఫోన్ అందుకున్నాడు.

మూర్తి పక్కనే ఉన్న మీసా అనే ఊళ్ళో సివిల్ ఇంజనీరు. ఫీనిక్స్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు కొన్న పాత కార్లన్నిటికీ బేరమాడింది అతనే. కారు గురించి అతనికి ఏమీ తెలియదు. బేరం గురించి అంతా తెలుసు. కబురు అందగానే వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే పాఠం మొదలుపెట్టాడు.

"ఒరే హరీ, నచ్చినట్టు నీ మొహంలో కనపడకూడదు. వంకలు నేను పెడతా. నువ్వు పక్కన నిలబడి నిట్టూర్చు. అంతే నీ పని."

"రివాల్వర్ ఎప్పుడన్నా చూశారా అన్నయ్యగారూ?" అని అడిగింది ప్రమోద.

"వంక పెట్టడానికి చూసి ఉండక్కర్లేదమ్మా."

వాల్టర్ ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మాన్. ఎవరేమన్నా అది నిజమేనని నమ్మే అమాయకుడు. గుండ్లు లేవని తెరిచి చూపించి, రివాల్వర్‌ని మూర్తి చేతిలో పెట్టాడు. మూర్తి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, పెళ్ళిచూపుల్లో పెద్ద మేనత్తలా పెదవి విరిచాడు.

"పిడి గీసుకుపోయింది."

హరనాథ్ నిట్టూర్చాడు.

"గొట్టం రంగు వెలిసింది. ఈ చక్రం చూడండి, కదులుతోంది. ట్రిగ్గర్ బిగుసుకుపోయింది. బరువు కూడా ఎక్కువే. నాకెందుకో ఇది ఎప్పుడో చేతిలోనే పేలుతుందనిపిస్తోంది."

"పేలుతుందా?" అన్నాడు వాల్టర్, రంగు మారిన మొహంతో.

"నా మాట వదిలెయ్యండి. మావాడు ఎన్.సి.సి. మిలిటరీ ట్రెయినింగ్. అతన్నే అడగండి."

హరనాథ్ ఈసారి నిజంగానే నిట్టూర్చాడు. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో ఎన్.సి.సి. అంటే ఎండలో చెక్క తుపాకీ భుజాన వేసుకుని నడవడం, ఆ తర్వాత పెట్టే పూరీ కూర కోసం ప్లేటు పట్టుకుని పరిగెత్తడం. పరుగులో మాత్రం అతనికి మంచి పేరుండేది.

"ఎనభై అయితే ఆలోచిస్తాం," అన్నాడు మూర్తి. వాల్టర్ రివాల్వర్ వంకే చూస్తున్నాడు. మూర్తి హరనాథ్ మోచెయ్యి పట్టుకున్నాడు. "పద. వెనక్కి తిరగకు. మెల్లగా నడువు. మీ ఇంటి మెట్టెక్కే లోపల పిలుస్తాడు."

ఇద్దరూ పెళ్ళికూతుళ్ళలా మెల్లగా నడిచారు. పచ్చికలో ఒకచోట ఆగి, మూర్తి లేని బూటు లేసు కట్టుకున్నాడు కూడా. ఎవరూ పిలవలేదు. ఇంట్లోకి వచ్చి కిటికీ తెర పక్కనుంచి చూస్తే, వాల్టర్ రివాల్వర్ మీది ధర కాగితం చింపేసి దాన్ని అట్టపెట్టెలో పెడుతున్నాడు.

"తగ్గించి కొత్త కాగితం రాస్తాడు చూడు," అన్నాడు మూర్తి ధీమాగా.

వాల్టర్ కాగితం రాయలేదు. నేరుగా వచ్చి తలుపు కొట్టాడు. హరనాథ్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు.

"మీకెలా కృతజ్ఞత చెప్పాలో తెలీదు కెప్టెన్. ప్రమాదమైన వస్తువు పొరుగువాళ్ళకి అమ్మబోయాను. దాన్నింక ఎవరికీ అమ్మను. ఇంత దగ్గర్లో ఇండియన్ ఆర్మీ ఆఫీసర్ ఉన్నారని ఇన్నాళ్ళూ తెలియనే లేదు."

"నేను కెప్టెన్ కాదు—" అనబోయాడు హరనాథ్.

"మేజరా?" అన్నాడు వాల్టర్ ఇంకా భక్తిగా.

అక్కడే ఆపి ఉంటే సరిపోయేది. కానీ హరనాథ్‌కి 'కెప్టెన్' అన్న మాట చెవిలో తేనె పోసినట్టుంది. ఒక్క క్షణం ఆస్వాదించి కాదందామనుకున్నాడు. ఆ క్షణంలో వాల్టర్ వీధిలోకి వెళ్ళిపోయి, కనపడినవాళ్ళందరికీ చెప్పేశాడు.

చాండ్లర్‌లో చీపురు లేని ఇల్లు ఉంటుందేమో గాని తుపాకీ లేని ఇల్లు ఉండదు. ముందు ఎదురింటి పెద్దావిడ, పోయిన భర్త రైఫిల్ దుప్పట్లో చుట్టుకుని వచ్చింది, దీనికెంత వస్తుందో చెప్పమని. ఆవిడ వెనక ఇంకెవరెవరో. తాము కొన్నది మోసపోయి కొన్నామా అని ఒకరు, కొనబోయేది కొనవచ్చా అని ఒకరు. ప్రమోద గుమ్మంలో నిలబడి అందరికీ ఒకటే చెప్పింది, తుపాకులతో రావచ్చు గాని బూట్లతో రాకూడదని. కాసేపటికి హాల్లో సోఫా నిండా మేజోళ్ళ కాళ్ళు, ఒళ్ళో తుపాకులు, చేతుల్లో గారెలు.

"ఏమైనా చెప్పరా," అన్నాడు హరనాథ్ తెలుగులో, కళ్ళతో బతిమాలుతూ.

"నాకు వంకలు పెట్టడమే వచ్చురా. వీళ్ళ దగ్గర మనం కొనటం లేదుగా," అన్నాడు మూర్తి, చట్నీ వడ్డించుకుంటూ.

పెద్దావిడ రైఫిల్‌ని చేతుల్లోకి తీసుకుని హరనాథ్ దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టాడు. మళ్ళీ తలుపు చప్పుడైంది. వాల్టర్ అట్టపెట్టెతో వచ్చాడు. అతని వెనక, గుమ్మం నిండా, మేనేజర్ హాన్సెన్.

రివాల్వర్ సంగతి విని హాన్సెన్ పొద్దున్నే మూడు మైళ్ళు డ్రైవ్ చేసుకుని వచ్చాడు. అమ్మనని వాల్టర్, లోపమేమిటని హాన్సెన్, కెప్టెన్‌గారు చెప్పారని వాల్టర్. ఏ కెప్టెనో చూద్దామని ఇలా వచ్చారు.

"హరనాథ్?" అన్నాడు హాన్సెన్. "మా హరనాథా? డబ్బాలు ఏరే హరనాథా?"

హాల్లో గారెలు నమలడం ఆగిపోయింది.

హాన్సెన్ బూట్లు విడిచి, పెట్టె తెరిచి, రివాల్వర్ ఖాళీదేనని చూసుకుని, వెలుతురుకి పట్టి గొట్టంలోంచి చూశాడు. చక్రం ఊపాడు. గొళ్ళెం సర్దుకునే చప్పుడు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "దీనికేమీ లోపం లేదు. పిడి మీద గీతలు వాడకం గీతలు. నూట నలభై ధర్మమైన ధర. నీకు ఏం కనిపించింది హరనాథ్?"

హరనాథ్ మూర్తి వైపు చూశాడు. మూర్తి చట్నీలో ఆవాలు లెక్కపెడుతున్నాడు. ఇక దారి లేదు.

"సార్, మాలో ఒక అలవాటుంది. వస్తువు నచ్చితే దానికి వంకలు పెడతాం."

"నచ్చకపోతేనా?" అన్నాడు వాల్టర్.

"కాదండీ, నచ్చితేనే. బాగా నచ్చితే ఎక్కువ పెడతాం."

"మరి వదిలేసి వెళ్ళిపోయారే?"

"మీరు వెనక్కి పిలుస్తారని."

"ఆ కెప్టెన్ సంగతి?" అన్నాడు హాన్సెన్.

"అది కాలేజీలో సార్. పెరేడ్ చేస్తే పూరీలు పెట్టేవాళ్ళు."

ఎదురింటి పెద్దావిడ హరనాథ్ చేతుల్లోంచి రైఫిల్ సున్నితంగా తీసుకుని మళ్ళీ దుప్పట్లో చుట్టుకుంది. ఇంకో గారె మాత్రం తీసుకుంది. హాన్సెన్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు.

వాల్టర్ నవ్వలేదు. వేళ్ళు మడుస్తున్నాడు. "పిడి, రంగు, చక్రం, ట్రిగ్గర్, బరువు. పైగా చేతిలో పేలుతుందన్నారు. ఇంత నచ్చిందని నాకు తెలియలేదు. అయితే నూట డెబ్బై ఐదు."

హరనాథ్ మొహం వాడిపోయింది. ప్రమోద మొహం వెలిగింది. ఇంత తేలిగ్గా గండం గడుస్తుందని ఆమె అనుకోలేదు. ధర మళ్ళీ కిందికి దిగకుండా మేకు కొట్టేద్దామని, చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"రెండొందలైనా ఇవ్వచ్చండీ. ఎంత చక్కగా ఉందో చూడండి. పిడి నున్నగా, గొట్టం తళతళా. ఒక్క వంక కూడా కనపడటం లేదు నాకు."

వాల్టర్ ఆమె వైపు జాలిగా చూశాడు. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగిన మనిషి. కొత్తగా నేర్చుకున్నది వెంటనే వాడుకోవడం తెలుసు.

"ఒక్కటి కూడా లేదా మేడమ్?"

"ఒక్కటంటే ఒక్కటి."

"బొత్తిగా నచ్చలేదన్నమాట," అన్నాడు వాల్టర్ నిట్టూర్చి. "ఇంట్లో ఆడవాళ్ళకి అంత అయిష్టంగా ఉన్నదాన్ని ఎక్కువకి అంటగట్టడం నాకిష్టం లేదు. తొంభై ఐదు ఇవ్వండి."

ప్రమోద నోరు తెరిచి, ఏమంటే ఏమవుతుందో తెలియక మళ్ళీ మూసుకుంది. మూర్తి చట్నీ గిన్నె కింద పెట్టేసి, ఆమెకి చేతులు జోడించాడు. "ఇన్నేళ్ళలో ఇలాంటి బేరం చూడలేదమ్మా. నన్ను శిష్యుడిగా చేర్చుకో."

హరనాథ్ జేబులో చెయ్యి పెట్టాడు. పర్సు తగిలింది. ఎడారి కనపడింది. వరసగా డబ్బాలు, వాటి ముందు తను. అప్పుడే, పక్కనే నిలబడ్డ హాన్సెన్ మీద కళ్ళు పడ్డాయి. పెద్దవాడు, పై అధికారి, పైగా ఇంటికి వచ్చినవాడు. అలాంటి మనిషి ఎదురుగా ఉండగా, అడగకుండా తను తీసుకోవడం ఏం మర్యాద?

"ముందు మీరు తీసుకోండి సార్," అన్నాడు.

కాకినాడలో అయితే ఆ మాటకి జవాబు "అబ్బే, భలేవారే, మీరు తీసుకోండి" అని. ఇటునుంచి ఇంకోసారి, అటునుంచి ఇంకోసారి అనుకున్నాక అసలువాడు మొహమాటంగా తీసుకుంటాడు. హరనాథ్ రెండో "మీరు" కూడా నాలిక మీద సిద్ధంగా పెట్టుకున్నాడు.

"థాంక్యూ," అన్నాడు హాన్సెన్, వాల్టర్ చేతిలో డబ్బు పెట్టేస్తూ. "ఇంత మంచి మనసు నేనెక్కడా చూడలేదు. ఆదివారం వస్తావుగా హరనాథ్? నువ్వు ఏరినంత శుభ్రంగా డబ్బాలు ఇంకెవరూ ఏరరు."

వచ్చినవాళ్ళంతా బూట్లు తొడుక్కుని, తుపాకులు తీసుకుని వెళ్ళిపోయారు. మూర్తి కూడా, గరాజ్ సేల్‌లో ఇంకేమున్నాయో చూసొస్తానని జారుకున్నాడు. ఇల్లు ఒక్కసారి బోసిపోయింది. ప్రమోద ఒక మాట కూడా ఎత్తిపొడవలేదు. గారెల్లో మిగిలిన రెండూ పక్కన పెట్టి, కంచంలో అన్నం వడ్డించి, మామిడికాయ పప్పు వేసింది. నాలుగు ముద్దలు తిన్నాక హరనాథ్ తేరుకుని, ఎంతయినా ఆమె ఓర్పుని మెచ్చుకోవాలనుకున్నాడు.

"పప్పు అద్భుతంగా ఉంది ప్రమోదా. ఒక్క వంక లేదు."

ప్రమోద పప్పు గిన్నె తీసి లోపల పెట్టేసింది.