సారు అండమాన్ బయల్దేరారు

జమ్మలమడుగు దగ్గరి ఆ ఊళ్ళో రెండు పక్షాలు. ఏ పక్షంలోనూ లేనిది బడిపంతులు కృపానందం, ఆయన భార్య మేరీ మాత్రమే. "మీరెవరి పక్క?" అని అడిగేవాడు లేని చోట ఒక పదిరోజులు ఉండాలన్నది మేరీ ఇరవై ఏళ్ళ కోరిక. అందుకే సారు మద్రాసు నుంచి అండమాన్‌కు ఓడ టికెట్లు తీసి, ఆ ఉదయం ఇనప్పెట్టెతో బస్సు కోసం నిలబడ్డారు.

ఒక పక్షం పెద్ద నాగభూషణం జీపు ఆపాడు. "పొద్దున్నే పెట్టెతో యాడికి సార్?"

"అండమాన్ దీవులకప్పా. మడ అడవుల్లో పడవ మీద తిరగొచ్చంట. తాబేళ్ళు గట్టుకొచ్చి గుడ్లు పెడతాయంట."

"తాబేళ్ళను సూడనీకి సముద్రం దాటతాండావా? నిజం చెప్పు సార్. కొట్లాట తెలిసే గదా ఊరిడిసి పోతాండావు? అవతలి పక్షం హనుమంతయ్య మా మీదికి ఎప్పుడొస్తాండాడు?"

"నాకేం తెలుసప్పా?"

ఆ ఊళ్ళో తెలియదన్నవాడికే అంతా తెలుసని లెక్క. నాగభూషణం ఇంటికెళ్ళి ఆడవాళ్ళను, పిల్లలను ట్రాక్టరెక్కించి లింగాలకు పంపేశాడు. ఇల్లు ఖాళీ చేశారంటే దాడికి దిగుతున్నట్టేనని అవతలి పెద్ద హనుమంతయ్య తన వాళ్ళను రాజుపాలెం తోలాడు. అది చూసి అంగళ్ళు మూశారు. మూసిన అంగళ్ళు చూసి బస్సు డ్రైవరు ఊరి బయటినుంచే బండి తిప్పుకున్నాడు.

మేరీకి ఏడుపొక్కటే తక్కువ. "రేపే గదా ఓడ. ఈ జన్మకి ఇంతేలే," అంది.

అంతలో నాగభూషణం జీపు మళ్ళీ వచ్చింది. "ఎక్కండి సార్, మద్రాసులో దింపుతా. మీరు పక్కనుంటే వాడు బాంబు వేయడు." వెనకే హనుమంతయ్య కూడా ఇదే ఆలోచనతో తన జీపులోంచి దిగాడు. ఒకరి జీపెక్కితే ఇన్నేళ్ళ మంచిపేరు మట్టిలో కలుస్తుందని సారు భయం.

"ఇద్దురూ ఒకే జీపులో రాండి, లేదంటే మేం నడిచిపోతాం," అన్నారాయన.

సారును రెండోవాడికి వదలడం ఇద్దరికీ ఇష్టం లేదు. నలుగురూ ఒకే జీపెక్కారు. రేవులోనూ ఎవరూ వెనక్కి తగ్గలేదు. అప్పటికప్పుడు టికెట్లు కొని ఓడెక్కేశారు.

సముద్రం మీద ఇద్దరికీ ఒకటే వాంతులు. మూడోనాడు హనుమంతయ్య నిమ్మకాయ కోసి నాగభూషణం ముక్కు దగ్గర పెట్టాడు. దీవిలో దొరికిన తెలుగువాళ్ళంతా శ్రీకాకుళం వైపువాళ్ళు. వీళ్ళ మాట వాళ్ళకు సగమే అర్థమైంది. ఇక ఒకరితో ఒకరు మాట్లాడుకోక తప్పలేదు.

మడ అడవిలో పడవెక్కితే సారుకూ మేరీకీ మధ్య ఆ ఇద్దరే. "ఓ నాగభూషణమా, ఆ మొసలి సూడప్పా, మన ఎమ్మెల్లే మాదిరి కదలకుండా పండుకోనుంది." రాత్రి తాబేళ్ళ గట్టుమీదా వాళ్ళే. మేరీ పదిరోజుల్లో మొగుడితో పది మాటలు మాట్లాడలేదు.

పెద్దలిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని ఊరికి తిరిగొచ్చారు. వాళ్ళు చెప్పిన కబుర్లకు జనం ఆగలేకపోయారు. మరుసటి వేసవిలో రెండు పక్షాలూ లారీలు కట్టుకుని మద్రాసు ఓడరేవుకు బయల్దేరాయి.

ఖాళీ అయిన ఊళ్ళో సారూ మేరీ పదిరోజులు హాయిగా గడిపారు.