క్లబ్బు గ్రిల్లు పోయిన శనివారం

శనివారం ఉదయం లిండ్సే పర్సెల్ ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. పచ్చిక మీద బంతులు దొర్లించే ఆట ఆడుకునే కూరింబా బౌల్స్ క్లబ్బు వెనక వరండాలో ఉన్న స్టీలు గ్యాస్ గ్రిల్లును ఎవరికీ చెప్పకుండా ఇంటికి తెచ్చి, శుభ్రం చేసి, సాయంత్రానికల్లా మళ్ళీ అక్కడే పెట్టేయాలి. మోకాలి ఆపరేషన్ అయిన క్లెమ్ మర్నాడు తిరిగి క్లబ్బుకు వస్తున్నాడు. ఆదివారం భోజనాలకు అక్కడ మాంసం కాల్చేది ఏళ్ళ తరబడి క్లెమే. ఆ ఏళ్ళన్నిటి కొవ్వునూ గ్రిల్లు ఒంటి మీదే మోస్తోంది. స్నేహితుడు దాన్ని చూడగానే నోరు వెళ్ళబెట్టాలని లిండ్సే ముచ్చట.

ట్రైలర్ మీంచి దిగుతున్న నల్లటి ఆకారాన్ని చూసి అతని భార్య నోరీన్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమిటయ్యా అది, రైలింజనా?"

"క్లబ్బు గ్రిల్లు. స్టెయిన్‌లెస్ స్టీలు."

"స్టీలా! ఇన్నాళ్ళూ పోత ఇనుమనుకున్నానే!"

కడ్డీల జాలీలను విప్పి స్నానాలతొట్టిలో వేడి సబ్బునీళ్ళలో నానేశాడు. తొట్టి గతి చూసిన నోరీన్, పని త్వరగా తేలాలని ఇనుప పీచు తెచ్చి ఇచ్చింది. లిండ్సే పాము కనబడ్డట్టు వెనక్కి గెంతాడు.

"దాంతో రుద్దితే గీతలు పడతాయే! దాని తుంపులు ఇరుక్కున్నాయంటే తుప్పు కూడా. వంటసోడా ముద్ద, మెత్తటి గుడ్డ, అంతే. అదీ స్టీలు మీద సన్నగీతలు ఎటు పోతే అటే రుద్దాలి."

"అడ్డంగా రుద్దితే ఏమవుతుందట?"

"జుట్టు ఎదురు దువ్వినట్టుంటుంది."

"ఆ సంగతి నీకేం తెలుస్తుందిలే," అంది నోరీన్, అతని బట్టతల చూస్తూ.

మూత మీద ఒక మూల తెల్లగా బయటపడే వేళకు ఫోను మోగింది. క్లబ్బు కార్యదర్శి డఫ్నీ.

"లిండ్సే! ఘోరం జరిగిపోయింది. మన గ్రిల్లు ఎత్తుకుపోయారు!"

"డఫ్నీ, అది..."

"ఎవరో నాకు తెలుసు. నారాబెల్ క్లబ్బువాళ్ళే! పోయినసారి ఆటలో ఓడిపోయిన కసి. పోలీసులకు చెప్పేశాను. నలుగుర్నీ వెంటేసుకుని వాళ్ళ అధ్యక్షుడు హొరేస్‌ను కడిగేయడానికి వెళ్తున్నా. నువ్వూ రా!"

"అసలు నేను కడుగుతున్నది..."

ఫోను పెట్టేసింది. లిండ్సే చెమట తుడుచుకున్నాడు. వాళ్ళు తిరిగొచ్చేలోగా గ్రిల్లును దాని చోట్లో పెట్టేస్తే, నవ్వుతూ నిజం చెప్పేయొచ్చనుకున్నాడు. నోరీన్‌కు కూడా గుడ్డ ఇచ్చాడు. ఇద్దరూ మధ్యాహ్నం దాకా తోమారు, కడిగారు, తడి లేకుండా తుడిచారు, చుక్క నూనెతో మెరుగు పెట్టారు. చివరికి గ్రిల్లు ఎంత బాగా వచ్చిందంటే, దాన్ని వరండాలో దించిన లిండ్సేకే ఇది వేరేదేమోనని అనుమానం వచ్చింది.

అంతలో నారాబెల్ వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. తన మీద పడ్డ నింద తుడుచుకోవడానికి హొరేస్ కూడా వెంట వచ్చాడు. గ్రిల్లును చూసి డఫ్నీ కొయ్యబారిపోయింది. తర్వాత ఆమె కళ్ళు చెమర్చాయి.

"హొరేస్! మేం నిన్ను నానా మాటలూ అంటుంటే, నువ్వు మా కోసం కొత్తది పంపించావా?"

హొరేస్ గ్రిల్లు వంక చూశాడు. డఫ్నీ వంక చూశాడు. రెండు గంటలపాటు తిట్లు తిన్నవాడికి ఎవరైనా పొగిడితే కాదనడం కష్టం. "ఇరుగూ పొరుగూ అన్నాక ఆ మాత్రం..." అని నేల చూపులు చూశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"అది పాతదే! నేనే కడిగాను," అన్నాడు లిండ్సే.

"కొత్తదాన్ని కడగడమేంటయ్యా?" అంది డఫ్నీ. "ఒక మంచివాడికి పేరొస్తుంటే చూడలేకపోతున్నావా?"

ఆ రాత్రి లిండ్సే భోజనం చేయలేదు. తోమి తోమి పుట్టిన నడుం నొప్పి వల్ల కాదు. తన చేతులతో చేసిన పనికి ఇంకొకడు సిగ్గుపడుతూ దండాలందుకోవడం మింగుడు పడలేదు.

ఆదివారం క్లెమ్ చేతికర్ర పట్టుకుని వచ్చాడు. హొరేస్ ముఖ్య అతిథిగా ముందు కుర్చీలో కూర్చున్నాడు. క్లెమ్ గ్రిల్లు మూతలో తన ముఖం చూసుకున్నాడు.

"ఇంత ముసలాణ్ణయిపోయానా? ఒక్కళ్ళూ చెప్పలేదే!"

తర్వాత ఎడమవైపు గ్యాస్ మర తిప్పాడు. కుడివైపు మంట భగ్గుమంది. క్లెమ్ ముఖం వెలిగిపోయింది.

"ఇది నా పాత గ్రిల్లే! ఈ అడ్డదిడ్డం నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. ఎవడ్రా దీనికి స్నానం చేయించింది?"

అందరూ హొరేస్ వైపు తిరిగారు. హొరేస్‌కు అర్జెంటుగా ఇంటి పని గుర్తొచ్చింది. డఫ్నీ మెల్లగా లిండ్సే వైపు తిరిగింది.

"అంటే దొంగవి నువ్వన్నమాట! పోలీసులకు ఇప్పుడేం చెప్పమంటావ్?"

"దొరికిందని చెప్పు," అన్నాడు క్లెమ్. లిండ్సే భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి కాసేపు తియ్యలేదు. "వీణ్ణి నాకు వదిలెయ్."

లిండ్సేకు ఆ ఒక్క మాటతో నడుం నొప్పి సగం తగ్గింది. డఫ్నీ క్షమాపణ చెప్పి, మొదటి ప్లేటు అతనికే ఇప్పించింది.

ఆ మధ్యాహ్నం క్లెమ్ కాల్చిన సాసేజీలన్నీ మాడిపోయాయి. ఇన్నాళ్ళూ మాడినప్పుడల్లా గ్రిల్లు మురికి మీదకు నెట్టేవాడు; నేరం మోపడానికి ఈసారి దాని మీద ఒక్క మచ్చ కూడా లేదు.