ముత్తక్క ఇచ్చిన అభిప్రాయం

ఇకమీదట ఏజెన్సీలో సర్కారు దవాఖానా, మందుల షాపు రెండు కళ్లలా కలిసి పనిచేస్తాయని 2008లో మంత్రిగారు ప్రకటించారు. కళ్లు ఒకదాన్నొకటి చూసుకోలేవన్న సంగతి నాకప్పుడు తట్టలేదు. గట్టిగా చప్పట్లు కొట్టాను.

చర్ల దాటి అడవిలోకి పోతే మా ఊరు. నా టీ హోటలుకు ఒక పక్క దవాఖానా, ఇంకో పక్క ప్రభాకర్ మందుల షాపు. పథకం వచ్చిన వారానికే మా డాక్టరుగారు, షాపుతో ఎలా కలిసి పనిచేయాలో నేర్చుకోవడానికి హైదరాబాదు ట్రైనింగుకు వెళ్లారు. నాలుగు నెలలైంది, ఇంకా నేర్చుకుంటున్నారు. అంత శ్రద్ధగల మనిషి.

పేషెంట్ల అభిప్రాయాలు సేకరించడానికి పెద్ద ఆఫీసరు రామ్‌చందర్ గారు జీపులో వచ్చి నా బెంచీ మీదే కూర్చున్నారు. అప్పుడే ముత్తక్క షాపుకు పోతోంది. ఆమె మొగుడు దూలయ్యకు ఫిట్స్. భద్రాచలంలో రాసిచ్చిన చీటీ ఎప్పుడో వానకు తడిసిపోయింది. అప్పటినుంచీ ఖాళీ మాత్రల అట్టే ఆమెకు చీటీ. పేరున్న వైపు చిరగకుండా మాత్రలు తీసి పొట్లం కట్టి, అట్టను కొంగున ముడేసుకొచ్చి ప్రభాకర్‌కు చూపిస్తుంది. మా వైపు అందరిదీ అదే పద్ధతి.

"అమ్మా, దవాఖానా-ఫార్మసీ కోఆర్డినేషన్ మీద మీ అభిప్రాయం?"

"గదేందో నాకు తెల్వదు సారూ. దవాఖానల డాక్టరు లేడు. గీ అట్ట సూపిస్తే ప్రభాకరు గోళీలిస్తడు."

"అంటే హ్యాపీయేనా?"

"ఇంట్ల పొట్లంల రెండే గోళీలున్నయ్. జల్దీ పోవాలె."

ఆఫీసరుగారు 'సంపూర్ణ సంతృప్తి' అని రాసుకున్నారు. అట్ట చూసి ఆయన కళ్లు చెమర్చాయి. "డాక్టరు లేకుండానే ట్రీట్‌మెంట్! సక్సెస్‌కు ఇంతకన్నా ప్రూఫ్ ఏం కావాలి?" అని దాన్ని ఫైలుకు స్టేపుల్ కొట్టారు.

"నా అట్ట సారూ!"

"ఇప్పుడిది గవర్నమెంటు రికార్డమ్మా. గర్వపడాలి."

జీపు వెళ్లిపోయింది.

ముత్తక్క ఇంటికి పోయి పొట్లం తెచ్చి ప్రభాకర్‌కు చూపించింది. "గీ తెల్ల గోళీలే."

"గిసొంటివి నా షాపుల నలభై రకాలున్నయ్ అక్కా. రోజుకు వంద అట్టలు సూస్త, ఏది నీదో యాదికి లేదు. ఒకటి బదులు ఇంకోటిస్తే దూలన్నకు ఏమన్నయితే?"

ఆ మాటకు నాకు నిజంగానే భయమేసింది. ఆఫీసరుగారికి ఫోను చేశాను. ఆయన ఆ అట్ట గురించే మీటింగులో ఉన్నారట. భద్రాచలం పోదామంటే వాగు పొంగి బస్సు బందయింది.

మూడో రోజు పొద్దున దూలయ్య ఆఖరి గోళీ వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పథకం విజయోత్సవ ఫ్లెక్సీ ట్రాక్టరు మీద వాగు దాటి వచ్చింది. మా దవాఖానకు మందులు అంత తొందరగా ఎన్నడూ రాలేదు. దవాఖానా గోడకు కట్టి చూస్తే, ముత్తక్క అట్ట తలుపంత పెద్దదిగా మెరుస్తోంది. కింద 'సంపూర్ణ సంతృప్తి – ముత్తక్క' అని ఉంది.

ముత్తక్క ప్రభాకర్‌ను చెయ్యి పట్టి లాక్కొచ్చింది. "గిదే నా అట్ట! సదువు, జల్దీ సదువు!"

ప్రభాకర్ కళ్లద్దాలు తుడుచుకుని పైనుంచి కిందిదాకా చూశాడు. ఖాళీ గుంటలు పదీ కనిపిస్తున్నాయి. తేదీ కనిపిస్తోంది. పేరుండాల్సిన చోట మంత్రిగారు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు.

ముత్తక్క కూడా ఆయనకు చేతులు జోడించింది.

"సారూ, జర పక్కకు జరుగుండ్రి."