ఉల్పాన్ నత్తకోట ముట్టడి

అలతావు పర్వతశిఖరములు మంచు తలపాగాలు చుట్టుకొని కొలువుదీరిన శీతకాలమున, ఆపిల్ చెట్లు ఆకులు రాల్చి నిలిచిన అల్మాటీ మహానగరమున, విశ్వవిద్యాలయ జీవశాస్త్ర భవనపు మూడవ అంతస్తులో, వేడి గొట్టములు బుసలు కొట్టే ప్రయోగశాలలో జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను. చెవులున్నవారు వినుడు! లేనివారు కొమ్ములు చాచుడు!

పట్టా పుచ్చుకోబోయే వీరుల ఎదుట పై చదువుల మార్గాలు మూడు తెరుచుకున్నాయి. ఒకటి హరితపత్ర సామ్రాజ్యమైన వృక్షశాస్త్రం. ఇంకొకటి జన్యుశాస్త్రం. ఈ రెంటికీ తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మూడవది, మెదడు మర్మాలు వెదికే నాడీశాస్త్రం. అందులో మిగిలినది ఒకే చోటు. దాని ద్వారపాలకుడు అందరూ 'అగాయ్' అని పిలిచే సెయిత్కలీ మాస్టారు.

పల్లెటూరి నుంచి వచ్చిన ఉల్పాన్ ఆ చోటే కోరింది. ఆమె తాత ఊరి పెళ్లిళ్లలో పాటగాడు. పక్షవాతం వచ్చాక ఆయనకు మాట పోయింది, టీ కావాలని కూడా అడగలేడు. కానీ పాట ఎత్తుకుంటే చరణం చరణం తడబడకుండా వస్తుంది. మాట ఎక్కడికి పోయింది, పాట ఎక్కడ దాక్కుంది? ఆ ప్రశ్న ఎవరికీ చెప్పుకోలేదు. సిగ్గు.

"మధ్యాహ్నం నేను భోంచేసి వచ్చేసరికి ఈ నత్త తనంతట తాను బయటికొచ్చి కొమ్ములు చాచాలమ్మా," అన్నాడు అగాయ్, ఓ నత్త ఉన్న పెట్టెను ఆమె ముందు పెట్టి. "గుచ్చకూడదు, లాగకూడదు. అది ముడుచుకునే ఉంటే నువ్వు వేరే శాఖ చూసుకో."

అప్పుడు కుండలాకార దుర్గాధిపతి, మందగమన చక్రవర్తి అయిన ఆ నత్త, కోట ద్వారానికి పల్చని పొర బిగించి లోపల విశ్రమించింది. పాపం చలేస్తోందేమోనని ఉల్పాన్ పెట్టెను వేడి గొట్టం పక్కకు జరిపింది. పొర ఇంకా బిగిసింది. దోసకాయ ముక్కను రాయబారం పంపింది. రాయబారం వాడిపోయింది. దీపకాంతిని ప్రయోగించింది. కోటలో అలికిడి లేదు.

అంతకుముందే వృక్షశాస్త్రంలో చోటు సంపాదించుకున్న స్నేహితురాలు కమ్షాత్ బల్లమీదెక్కి కూర్చుని నవ్వింది.

"ఏమే, మొహం చూపించని పెళ్లికూతురు దొరికిందా నీకు? పెళ్లిపాట బెతషార్ పాడవే, ముసుగు తీస్తుంది!"

"అది పెళ్లికూతురే కాదు, పెళ్లికొడుకు కూడా. నత్తలో ఆడా మగా ఒకటే."

"అయితే సగం ఖర్చు కలిసొచ్చింది. జరుగు, నేను పాడతా!"

కమ్షాత్ బల్లమీదనుంచే, సింహనాదసదృశమైన గళంతో, ముసుగు తీసే పాట ఎత్తుకుంది. కిటికీ అద్దాలు అదిరాయి. నత్త అదరలేదు.

"ఇక నీ వంతు. మీ తాత పేరు నిలబెట్టు."

"నా గొంతు అందరూ వింటారే."

"ఆ నత్తకైనా వినిపించవే, మొద్దూ!"

లజ్జాభారనమితవదనయైన ఆ వీరనారి తలుపు వైపు చూసి, గోడ వైపు చూసి, ఎవరికీ వినబడకుండా పెదవులను నత్తగుల్లకు ఆనించినంత దగ్గర పెట్టి, తాత పాటను గుసగుసగా అందుకుంది. ఒక చరణం. మరో చరణం. మూడో చరణానికి పొర మెత్తబడింది. జారింది. జిగురుగా మెరుస్తూ ఒక పాదం, దాని వెనక ఒక తల, ఆ తలపై ధ్వజస్తంభాల వలె కొమ్ములు!

అదే క్షణాన అగాయ్ పళ్లు కుట్టుకుంటూ లోపలికొచ్చాడు. మెత్తని కుంచెతో ఒక కొమ్మును తాకాడు. అది చటుక్కున ముడుచుకుని, మళ్లీ నిదానంగా సాగింది.

"పాటకి వచ్చిందన్నమాట!" అని కమ్షాత్ చప్పట్లు కొట్టింది.

ఔనంటే చాలు, గెలిచినట్టే.

"కాదు అగాయ్," అంది ఉల్పాన్. "కమ్షాత్ నాకంటే బాగా పాడింది, రాలేదు. అసలు నత్తకు చెవుల్లేవు. నేను సిగ్గుపడి మరీ దగ్గరగా పాడాను. ఊపిరి తడి తగిలి ఉంటుంది. గొట్టం పక్కన పెట్టి ఎండబెట్టింది కూడా నేనే. ఇంకో నత్త మీద పాట లేకుండా ఊపిరి ఒక్కటే వదిలి చూద్దామా?"

అగాయ్ కుంచె కింద పెట్టాడు.

"చెంచాడు నీళ్లు చల్లితే సరిపోయేది కదే, పిచ్చిపిల్లా!"

ఉల్పాన్ తల వాలిపోయింది.

"రేపు పొద్దున్నే రా," అన్నాడాయన. "ఆ ఇంకో నత్తను నువ్వే పట్టుకురా. పాటకే వచ్చిందని నువ్వూ అనుంటే, ఆమెతోపాటు నిన్నూ చెట్ల దగ్గరికి పంపేవాణ్ణి."

జయభేరులు మ్రోగించుడు! ఖడ్గము లేక, సైన్యము లేక, సిగ్గే ఆయుధముగా, బార్లీ గింజంత కొమ్ములను వెలికి రప్పించి ఉల్పాన్ నాడీశాస్త్ర సింహాసనమున ఒక ముక్కాలిపీట గెలుచుకొనెను. ముసుగు తీసిన మొహం చూసినవారు కానుక ఇవ్వాలి గనుక, కమ్షాత్ తాజా దోసకాయ ముక్క ఒకటి కోసి నత్త ముందుంచెను. విజితుడగు చక్రవర్తి దానిని సాయంకాలమువరకు తినుచునే ఉండెను.