మైదానంలో కొండ

"ఇకమీదట దారిలేని ఊరనేది ఉండదు. ఎందుకంటే, దారి అక్కర్లేని బండి తెచ్చాం," అని మంత్రిగారు సెలవిచ్చారు.

అంత పెద్ద సమస్యని అంత చిన్న మాటతో తేల్చేసిన మహానుభావుణ్ణి కొండమీది ఆసుపత్రి నర్సమ్మ అంతకుముందు చూడలేదు. పాత జీపు తీసేసి ఆసుపత్రికి ఈ బండే ఇస్తారట. పైన ఆమె చెల్లెలికి నెలలు నిండాయి. కాన్పు కష్టమైతే కిందికి దించాలి. అందుకే బండి తెచ్చుకుందామని తానే ఊళ్ళోకి దిగి, తాళం ఎప్పుడిస్తారా అని కాచుక్కూర్చుంది.

బండి నిజంగానే చూడముచ్చటగా ఉంది. సీట్లు వాటంతటవే వీపు పిసుకుతాయి. లోపల చిన్న ఫ్రిజ్ కూడా ఉంది. అన్నిటికన్నా గొప్ప, నడుస్తుంటే చప్పుడుండదు. పాత జీపైతే ఇంకా రెండు మలుపులు ఉండగానే కొండమీద కోళ్ళు లేచి పరిగెత్తేవి. కొత్తొక వింత, పాతొక రోత అని పెద్దలు ఊరికే అనలేదు.

బండి కొండెక్కడం జనం కళ్ళారా చూడాలన్నారు మంత్రిగారు. కొండ దగ్గరికి జనం రారు కనక, కొండనే మైదానానికి తెప్పించమన్నారు.

"ఏదో ఒక మట్టి పోయిస్తాను సార్," అన్నాడు పీఏ.

"అది మోసమవుతుందయ్యా. అసలు కొండమట్టే ఉండాలి. ప్రజలకి అబద్ధం చూపించకూడదు."

ఆ నిజాయితీకి పీఏ కళ్ళు చెమర్చాయి. మట్టికోసం పంపిన లారీలు మొదటి మలుపులోనే మొరాయించాయి. చివరికి పాత జీపుకే ట్రాలీ తగిలించారు. అది చేరగలిగిన చోటల్లా దారే కాబట్టి, దారినే తవ్వారు. పై మలుపు దగ్గర మొదలెట్టి కిందిదాకా తవ్వుకుంటూ వచ్చారు. నర్సమ్మ తలెత్తి చూసేసరికి దారి ఉండాల్సిన చోట గుంటలున్నాయి.

"ఇదేంటి బాబూ, నేను మళ్ళీ పైకెట్లా పోను?"

"దారి అక్కర్లేని బండికి దారెందుకమ్మా," అన్నాడు పీఏ.

అదీ నిజమే కదా అనుకుంది ఆ పిచ్చితల్లి.

మర్నాడు మైదానంలో బండి మట్టికొండని అవలీలగా ఎక్కేసింది. చప్పట్లు మార్మోగాయి. లోపల వీపు పిసికించుకుంటూనే మంత్రిగారు జనానికి చెయ్యూపారు. ఆ వెంటనే పాత జీపుకి దండ వేసి, దాని సేవల్ని నాలుగు ముక్కల్లో పొగిడి, పాత ఇనుము కొనేవాడికి అప్పగించారు.

నర్సమ్మ తాళం కోసం చెయ్యి చాపింది. బండి కంపెనీ ఆయన తాళం జేబులో వేసుకున్నాడు.

"దారి లేనిచోట నడిపితే వారంటీ పోతుంది మేడమ్."

అప్పుడే ఫోన్ మోగింది. చెల్లెలి మొగుడు.

"వదినా, నొప్పులు మొదలయ్యాయి. బండి బయల్దేరిందా?"

"మీరే చెప్పండి సార్," అని నర్సమ్మ ఫోన్ మంత్రిగారి చేతిలో పెట్టేసి, చెప్పులు విప్పి సంచిలో కుక్కుకుని, కొండవైపు నడక మొదలుపెట్టింది.

మంత్రిగారు గొంతు సవరించుకున్నారు.

"ధైర్యంగా ఉండు నాయనా. బండి కొండెక్కేసింది. నా కళ్ళతో నేను చూశాను."

"ఎక్కేసిందా సార్? ఇక్కడ చప్పుడేమీ వినపడట్లేదే."

"అదేనయ్యా దీని గొప్పతనం," అన్నారు మంత్రిగారు.