గోడకు నొప్పి పట్టీ

మేయర్ చన్ గిబమ్ గారూ, తొమ్మిది వేల ఇళ్ల గోడలకు కళ్లు పెట్టించింది మీరు. వాటి తాళంచెవి నడిబజారులో వేలాడదీసిందీ మీరే. అయినా మిమ్మల్ని పొగడకుండా ఉండలేను.

మన సన్‌వోల్ నగరంలో ‘స్మార్ట్ సన్‌వోల్’ పథకం ప్రారంభోత్సవం నాడు మీరిచ్చిన మాట అలాంటిది: "ఈ ఊళ్లో ఇక ఎవరూ ఒంటరిగా చనిపోరు." ప్రతి ఫ్లాటు గోడకూ ఒక తెర, దానికో కెమెరా బిగించారు. ముసలివాళ్లు మరచిపోకుండా అన్ని ఇళ్లకూ ఒకటే పాస్‌వర్డ్, ప్రారంభోత్సవం తేదీ. అదే తేదీని బారెడు అంకెలతో బ్యానర్లకెక్కించి ప్రతి కూడలిలోనూ కట్టారు. ఇంత పారదర్శక పాలన ఇంకెక్కడుంది?

ఫ్లాటు 503లో కిమ్చీ పచ్చడి పెట్టి అమ్ముకుంటాను నేను. పక్కన 504లో ప్యో మాల్సున్ మామ్మ, డెబ్బై తొమ్మిదేళ్లు, ఒక్కతే ఉంటుంది. పైబట్ట విప్పి నడుముకు నొప్పి పట్టీ అంటించుకుంటున్న ఆమె వీడియో ఆ గోడ కెమెరాలోంచి ఇంటర్నెట్‌కెక్కింది. కింద వృద్ధుల గదిలో పేకాట మధ్య ఎవరో అది ఫోన్‌లో చూసి నవ్వారు. మామ్మ ముక్కలు కింద పెట్టి లేచి వచ్చేసింది. మళ్లీ ఆ గది గడప తొక్కలేదు. అలాంటి పట్టీనే ఒకటి తీసి కెమెరాకు అంటించింది.

మీ సిస్టమ్ గొప్పతనం అప్పుడే తెలిసింది. ఒక రోజంతా కదలిక కనబడకపోయేసరికి ఆమె పోయిందని తేల్చి అంబులెన్సును పంపింది. వాళ్లు తలుపు బద్దలు కొట్టబోతుంటే మామ్మే తీసింది.

"బతికే ఉన్నారా, మామ్మగారూ?"

"మరి తలుపు తీసిందెవరు నాయనా?"

"కంప్యూటర్‌లో మాత్రం పోయారండి."

పోతూ పోతూ పట్టీ పీకేశారు.

మర్నాడు మామ్మ నన్ను వెంటబెట్టుకుని కంట్రోల్ రూముకు వచ్చింది. అడిగింది ఒక్కటే: ఆ తెర తీసేయండి. మా అదృష్టం, విలేకరులతో మీరూ అక్కడే ఉన్నారు. తీసేస్తే స్మార్ట్ నగరాల్లో మన ర్యాంకు పడిపోతుందని విభాగాధిపతి గుక్ గారు వాపోయారు. మీరు మామ్మ చెయ్యి పట్టుకుని ఫొటో దిగి, దాచుకోవడానికేమీ లేనివాళ్లు భయపడరని సెలవిచ్చారు.

అయితే మీ ఇల్లు చూపించమన్నాడో విలేకరి. నిరభ్యంతరంగా చూపిస్తాను కానీ పాస్‌వర్డ్ రహస్యం అన్నారు మీరు. అతను కిటికీలోంచి బ్యానర్ చూసి ఎనిమిది అంకెలు కొట్టాడు.

కంట్రోల్ రూము తెర మీదికి మీ ఇల్లు వచ్చింది. లేత గోధుమరంగు, అందులో సన్నని గుడ్డ నేత, అంతే. కింద అక్షరాలు: చివరి కదలిక, ప్రారంభోత్సవం సాయంత్రం. అప్పటికి అయిదు నెలలు.

"సాంకేతిక లోపం," అన్నారు గుక్ గారు.

మామ్మ కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికెళ్లింది. "లోపం కాదు నాయనా, నొప్పి పట్టీ. ఇది పెద్ద సైజు. నాది చిన్నది."

మేయర్ గారూ, 504 గోడ మీది తెర ఇవాళే తీయించండి. రేపు పేకాట వేళకు మామ్మ కిందికి దిగాలి. ఆ తర్వాత మిగతా ఇళ్లవి. కుదరదంటారా, మీ ఇంటికీ అంబులెన్సును పంపండి. తలుపు బద్దలు కొట్టనివ్వండి.